డ్రై ఫోర్క్ నుంచి మోజెల్

మోజెల్ స్ట్రిక్‌లండ్ మొహం డ్రై ఫోర్క్ దాటితే ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం దక్షిణ అలబామా అంతటికీ తెలుసు. పొరుగూరి కొట్లో నిలబడి, "ఈ మొక్కజొన్న పిండి ముతకదేనా?" అని అడిగితే చాలు, పక్క వరుసలోంచి ఎవరో ఒకరు తల తిప్పి, "అమ్మా, మీరు డ్రై ఫోర్క్ నుంచి మోజెల్ కదూ?" అంటారు.

"కాకపోతే ఈ గొంతు దేవుడు ఇంకెవరికిచ్చాడయ్యా?" అంటుంది ఆవిడ. ఆ తర్వాత పిండి సంగతి ఇద్దరూ మరిచిపోతారు. కహాబా స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడు ఏం వెలగబెడుతుందో తేలేదాకా ఎవరూ కదలరు.

రోజూ సాయంత్రం నాలుగింటికి రేడియోలో రాయ్స్ గాంట్ కార్యక్రమం వస్తుంది. జనం ఫోన్లు చేసి ఆ జట్టును నెత్తిన పెట్టుకుంటారు, లేదా ఉతికి ఆరేస్తారు. మధ్యస్థంగా మాట్లాడేవాళ్లను రాయ్స్ ఎక్కువసేపు ఉంచుకోడు. ఆ కార్యక్రమంలో ఊరిపేరే ఇంటిపేరు. బెథెల్ నుంచి హోయ్ట్, డ్రై ఫోర్క్ నుంచి మోజెల్. వీళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు. అయినా ఏళ్ల తరబడి పోట్లాడుకుంటూ, ఒకరోజు రెండోవాళ్లు ఫోన్ చెయ్యకపోతే ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడే దాకా వచ్చారు.

మోజెల్ వంటింటి గోడకున్న ఫోన్ నుంచే మాట్లాడుతుంది. దాని తీగ పొయ్యి దాకా సాగుతుంది కాబట్టి, చిక్కుడు గింజలు ఒలుచుకుంటూనే కోచ్‌కు బుద్ధి చెప్పగలదు.

"రేడియో తగ్గించండి మిస్ మోజెల్, మీ గొంతు మీకే తిరిగి వినబడుతోంది" అంటాడు రాయ్స్ ప్రతిసారీ.

"నా గొంతు నాకెప్పుడూ చేదవలేదు రాయ్స్" అంటూనే తగ్గిస్తుంది ఈవిడ.

ఆ గొంతు బస్సులో తయారైంది. పెళ్లైన మరుసటేడు మొదలుపెట్టి, మోకాళ్లు మొరాయించేదాకా ఆవిడ స్కూలు బస్సు నడిపింది. వెనక సీటులో కొట్టుకునే కుర్రాళ్లను వెనక్కి తిరక్కుండా, బ్రేకు వెయ్యకుండా విడదీయాలంటే అలాంటి గొంతే కావాలి. భర్త డబ్ మాటలన్నీ ఆవిడ వాటాకే వదిలేసిన మనిషి. లేళ్ల వేటకు కొన్న ఒక మంచి దుర్భిణీ, వరండాలో రెండు కుర్చీలు, చెప్పుకోదగ్గ నిశ్శబ్దం మిగిల్చి కన్నుమూశాడు. ఆ శరత్కాలంలోనే ఒక సాయంత్రం రేడియోలో రాయ్స్, బంతి జారవిడిచిన డ్రై ఫోర్క్ కుర్రాణ్ణి బద్ధకస్తుడన్నాడు. మోజెల్ లేచి ఫోన్ తీసింది. "ఆ పిల్లాడు నా బస్సెక్కినవాడు. వాళ్ల నాన్న మంచాన పడితే ఆవుల పాలు పితికొచ్చి మరీ బస్సెక్కేవాడు. బంతి జారితే జారిందను. బద్ధకం అన్నావో, నీ రేడియో స్టేషను దాకా బస్సేసుకొస్తా" అంది. రాయ్స్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ వంటింట్లో నిశ్శబ్దానికి చోటు దొరకలేదు.

సందేహం అనేది మోజెల్‌కు పొరుగింటివాళ్లకొచ్చే జబ్బు. తనకు ఎప్పుడూ సోకలేదు. ఆవిడ చెప్పినవన్నీ నిజమయ్యాయని కాదు. చెప్పిన మాట మర్నాడు నాలుక మడతేసి తిప్పేది కాదు, అందుకే జనం చెవులప్పగించేవారు. "మోజెల్ చూశానంటే చూసినట్టే" అని హోయ్ట్ కూడా ఒప్పుకునేవాడు, పోట్లాట మధ్యలో.

కిందటేడు ఆడిన క్వార్టర్‌బ్యాక్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు పెళ్లికొడుకు లేని పెళ్లి. ప్రతి ఎత్తూ అతని చేతిలో బంతితోనే మొదలవుతుంది. ఆ ఖాళీకి ఇద్దరు పోటీ పడ్డారు. ఒకడు టేట్ బర్డెషా, డ్రై ఫోర్క్ వాడే. ఏళ్లుగా బెంచీ మీద తన వంతు కోసం ఓపిగ్గా కూర్చున్నాడు, చొక్కా మీద పన్నెండో నంబరు. మోజెల్ బస్సులో, ఆవిడ వెనక సీటులో కూర్చుని పెరిగిన పిల్లాడు. రెండోవాడు సోరెన్ లిండాల్. ఎక్కడో మిన్నెసోటా నుంచి వేసవిలో కాలేజీ మారి వచ్చాడు, ఏడో నంబరు. ఆగస్టు వచ్చేసరికి క్షవరశాలల్లో, చేపల చెరువుల దగ్గర, చివరికి చర్చి మెట్ల మీద కూడా జనం పన్నెండూ ఏడూ అని రెండుగా చీలిపోయారు.

"చేతి బలం చూడండమ్మా, చేతి బలం!" అని హోయ్ట్ రేడియోలో మొత్తుకున్నాడు. "ఆ ఉత్తరాది కుర్రాడు విసిరితే బంతి గాల్లో గీత గీసినట్టు పోతుంది. మీ టేట్ మంచోడే, కాదనను. మా పాస్టరు గారు కూడా మంచోడే. అలాగని ఆయన చేతికి బంతిస్తామా?"

"హోయ్ట్, నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. టేట్ ఇన్నేళ్లు మనకోసం కూర్చున్నాడు. ఇంకొకడైతే ఈపాటికి పెట్టె సర్దుకుని ఇంకో కాలేజీ చూసుకునేవాడు. నీ కుర్రాడు సర్దుకునే కదా ఇక్కడికొచ్చింది! పైగా మొన్న హోటల్లో వాడు ఏం చేశాడో విన్నావా?"

"ఏం చేశాడండీ?"

"గ్రిట్స్‌లో పంచదార వేసుకున్నాడు."

గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ; వెన్నా ఉప్పూ వేసి అమ్మ పెట్టింది తిని పెరిగినవాళ్లెవరికైనా ఆ మాట గుచ్చుకుంటుంది. "అది మాత్రం నేను సమర్థించలేనమ్మా" అన్నాడు హోయ్ట్, నీరసంగా.

ఆ పంచదార ముచ్చట ఊళ్లు తిరిగింది. దాన్ని తిప్పింది మోజెలే.

ఆగస్టు సాధనకు బయటివాళ్లను రానివ్వరు. కంచె పొడుగునా కోచ్ ఆకుపచ్చ పట్టాలు కట్టించాడు. కానీ మైదానం పక్కనే ఆస్పత్రి ఉంది, ఆస్పత్రికి అంతస్తులుగా కట్టిన కార్ల షెడ్డు ఉంది, దాని పైకప్పు మీద నిలబడితే మైదానమంతా అరచేతిలో ఉన్నట్టే. ఆ నెలలో ఆ ఆస్పత్రిలో ఉన్న రోగులకంటే పరామర్శకు వచ్చినవాళ్లు ఎక్కువ. మడత కుర్చీలు, మంచు పెట్టెలు, వేరుశనక్కాయలు పట్టుకుని పరామర్శకు వెళ్తారు. మోజెల్ మర్యాద తెలిసిన మనిషి కాబట్టి కాపలావాడికి చూపించడానికి ఒక పూలగుత్తి కూడా పట్టుకెళ్లింది.

"ఎవరికమ్మా పూలు?" అన్నాడు అతను.

"ఎవరికి బాగాలేకపోతే వాళ్లకి నాన్నా" అని కారు పైకి పోనిచ్చింది.

డబ్ దుర్భిణీ కళ్లకు ఆనించుకుని చూసింది. హెల్మెట్లలో మొహాలు తెలియవు, చొక్కా మీది నంబర్లే గుర్తు. పన్నెండో నంబరు ఆ మధ్యాహ్నం ఆడిన తీరు ఆవిడ ఎన్నడూ చూడలేదు. మీదికి ఇద్దరు ఉరికొస్తున్నా కంగారు లేదు, పాదం తడబడలేదు. మైదానం ఆ చివర పరిగెడుతున్నవాడి రెండు చేతుల మధ్యకి, పాలగ్లాసు అందించినట్టు బంతి అందించాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. నడక కొంచెం వేరుగా ఉందేమిటని ఒక్క క్షణం అనిపించింది. వేసవంతా కసరత్తు చేసి ఉంటాడు, అందుకే ఒళ్లు మారిందనుకుంది. చెమటకు కళ్లద్దాలు తడిసిపోతే తుడుచుకుని మళ్లీ చూసింది. ఏడో నంబరు కూడా బాగానే ఆడాడు, జాగ్రత్తగా, దగ్గర దగ్గర బంతులు వేస్తూ. 'వాడు బెంచీ మీద పనికొస్తాడులే' అనుకుంది.

ఆ సాయంత్రం రేడియోలో ఆవిడ ఒక్కొక్క బంతినీ వర్ణించి చెబుతుంటే రాయ్స్ వాణిజ్య ప్రకటనలు కూడా ఆపేశాడు. "ఈ కళ్లతో చూశాను. ఇంక వాదన లేదు. పన్నెండో నంబరే" అంది. మోజెల్ చూశానంటే చూసినట్టే. వారం తిరిగేసరికి ఊళ్లలో పన్నెండు తప్ప నంబరు లేదు. అభిమానుల రోజున టేట్ సంతకం కోసం వరస గేటు దాటింది. పక్క బల్ల దగ్గర సోరెన్ పెన్ను పట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. ఎవరో పెద్దమనిషి వెళ్లి అతని ముందు ఒక పంచదార పొట్లం పెట్టాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కుర్రాడు మొదట నవ్వాడు. పొట్లాలు కుప్ప అయ్యేసరికి నవ్వలేదు. వరసలో నిలబడి ఉన్న మోజెల్ మాత్రం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక టేట్ వచ్చాడు. మోజెల్ కోడి వేపుడు, చిక్కుడు గింజలు వడ్డించింది. కుర్రాడు ముక్కను ఇటు తిప్పి అటు తిప్పి వదిలేశాడు.

"నువ్వు నా కోడి వదిలేశావంటే ఎవరో చచ్చిపోయి ఉండాలి. ఏమైంది నాన్నా?"

"మిస్ మోజెల్, మీరు రేడియోలో ఆ సంగతి ఇంక ఆపెయ్యాలి."

"ఏ సంగతి?"

"ఆ రోజు మీరు చూసింది నన్ను కాదు." టేట్ తల దించుకున్నాడు. "షెడ్డు మీద జనం కూర్చుంటారని కోచ్‌కి తెలుసు. ఆ రోజు మా ఇద్దరికీ చొక్కాలు మార్పించాడు. పన్నెండు వేసుకుంది సోరెన్. ఏడు నేను."

మోజెల్ గరిటె బల్ల మీద పెట్టింది.

"నన్ను ఆరేళ్లప్పట్నుంచీ చూస్తున్నారు కదా, నడక చూసైనా పోల్చుకుంటారనుకున్నా" అన్నాడు టేట్. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాటగా. "ఎక్కడికెళ్లినా జనం వీపు తట్టి ఆ బంతుల గురించే చెబుతున్నారు. నేను వెయ్యని బంతులకి చప్పట్లు నావల్ల కావట్లేదండీ. మీరు ఊరుకుంటే చాలు. మెల్లగా మర్చిపోతారు."

"ఊరుకుంటే సరిపోదు బంగారం" అంది మోజెల్. ఆవిడకు పంచదార పొట్లాల కుప్ప కళ్ల ముందు కనిపించింది. తను ఊరుకుంటే టేట్‌కు పరవాలేదు, తనకూ పరవాలేదు. మొదటి ఆట రోజున ఆ రెండో కుర్రాడు మైదానంలోకి అడుగు పెడితే మాత్రం స్టేడియమంతా వాడి మీద కేకలేస్తుంది, ఆ కేకలన్నీ ఈ వంటింట్లోంచే పుట్టినట్టు. "ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. వాడు బాగా ఆడతాడా?"

"బాగా ఆడతాడండీ."

"నీకంటేనా?"

టేట్ వరండా వైపు, డబ్ ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "నాకంటే" అన్నాడు.

మోజెల్ ఏడ్చే మనిషి కాదు. కానీ ఆ ఒక్క మాట చెప్పడానికి ఆ పిల్లాడికి ఎంత కష్టమైందో ఆవిడకు తెలుసు. లేచి వెళ్లి వాడి తల నిమిరి, చల్లారిన కోడి ముక్క తీసేసి వేడిది వేసింది. "తిను. రేపు నువ్వు రేడియో పెట్టుకోకు" అంది.

సోమవారం సాయంత్రం వంటింట్లో చిక్కుళ్లు ఒలవలేదు. ఫోన్ ముందు కాసేపు నిలబడింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ ఫోన్ ముందు ఆగడం అదే మొదలు. రేపట్నుంచి కొట్లో తల తిప్పేవాళ్లు ఏమంటారో తెలుసు. చర్చిలో పక్కనే కూర్చునే టేట్ వాళ్లమ్మ ఏమంటుందో తెలియదు, అదే భయం. 'అబద్ధాల మోజెల్ అననీ. ఉన్నది ఉన్నట్టు చెప్పలేకపోతే ఈ గొంతు దేనికి' అనుకుని నంబరు నొక్కింది.

"డ్రై ఫోర్క్ నుంచి మోజెల్!" అన్నాడు రాయ్స్ ఉత్సాహంగా. "రేడియో తగ్గించండి..."

"తగ్గించే ఉంది. రాయ్స్, ఇవాళ మధ్యలో మాట్లాడకు. ఆ రోజు ఆస్పత్రి షెడ్డు మీద నేను చూసింది చూసినట్టే చెప్పాను, కానీ మనిషిని పోల్చుకోవడంలో పొరపాటు పడ్డాను. ఆ బంతులు వేసింది టేట్ కాదు. ఆ మిన్నెసోటా కుర్రాడు. ఎలా తెలిసిందని అడక్కండి, చెప్పను."

"అమ్మా, అంటే మీరు..." అన్నాడు రాయ్స్.

"మాట మారుస్తున్నాననుకోకండి. చూసినంతలో అంత బాగా ఆడినవాణ్ణి నేను చూడలేదన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను. పేరు తెలియకముందే వాడు నా మనసు గెలిచాడు. పేరు తెలిశాక కాదంటే నా కళ్లే నన్ను తిడతాయి. నా కళ్లకేం కాలేదు, ప్రేమే అడ్డుపడింది. మొదట ఆడాల్సినవాడు సోరెన్ లిండాల్. టేట్ నా బిడ్డ లాంటివాడు, ఈ మాట చెప్పడం నాకు సులువు కాదు. ఇంకొకటి. ఆ పిల్లాడి బల్ల మీద పంచదార పెట్టిన ప్రతివాళ్లూ, అది చూసి నవ్విన నాతో సహా, ఈసారి వాడు కనబడితే ఉప్పూ వెన్నా చూపించి, గ్రిట్స్ ఎలా తినాలో నేర్పాలి. పిల్లలకు మనం నేర్పకపోతే ఎవరు నేర్పుతారు?"

వెంటనే బెథెల్ నుంచి హోయ్ట్ లైన్లోకి వచ్చాడు. ఎగతాళి చేస్తాడని రాయ్స్ ఎదురు చూశాడు, ఎగతాళికి మంచి గిరాకీ. "రాయ్స్, నేను గెలిచాననడానికి ఫోన్ చేశా" అన్నాడు హోయ్ట్. "కానీ ఆవిడ మాటలు విన్నాక నోరు రావట్లేదు. మిస్ మోజెల్, నేనైతే ఊరుకునేవాణ్ణి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదయ్యా" అంది మోజెల్.

గురువారం కోచ్ సోరెన్ పేరు ప్రకటించాడు. మోజెల్ ఫోన్ వల్ల అని ఊళ్లో చెప్పుకున్నారు. అది కోచ్ వింటే నవ్వుకుని ఉంటాడు.

మొదటి ఆట రోజు పొద్దుటి నుంచీ వాన. మోజెల్ వానకోటు వేసుకుని, తన ఎప్పటి సీటులో, పన్నెండో నంబరు చొక్కాతోనే కూర్చుంది. చర్చిలో టేట్ వాళ్లమ్మ ఆ వారం ఒక వరస వెనక్కి జరిగి కూర్చుంది. అది మోజెల్‌కు ఇంకా సలుపుతూనే ఉంది. సోరెన్ మైదానంలోకి వచ్చినప్పుడు కేకలు లేవు, పెద్దగా చప్పట్లూ లేవు. మొదటి బంతి తడికి జారి నేలపాలైంది. వెనక వరసలో ఎవరో, "పంచదార తగ్గిందేమో!" అన్నాడు.

మోజెల్ వెనక్కి తిరగలేదు. బస్సులో లాగే, ముందుకు చూస్తూనే అంది: "ఆ నోరు ఎవరిదో గానీ, మూసుకుని కూర్చో." ఆ గొంతును పోల్చుకుని ఆ వరసంతా మూసుకుని కూర్చుంది. తర్వాతి బంతి ఆ చివరి దాకా వెళ్లింది, పాలగ్లాసు అందించినట్టు. స్టేడియం లేచి నిలబడింది.

ఆట చివరికొచ్చింది. కహాబా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. సోరెన్ జట్టును గోలు దగ్గరి దాకా లాక్కొచ్చాడు. ఇంక మిగిలింది బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నడం ఒక్కటే, అలా పోతే మూడు పాయింట్లు. తన్నేవాడి ముందు ఒకడు మోకాలి మీద కూర్చుని, ముందు వరసలో వంగి నిలబడ్డవాడు తన కాళ్ల మధ్య నుంచి వెనక్కి విసిరిన బంతిని పట్టి, నేల మీద నిలబెట్టి, వేలితో ఆపాలి. కహాబాలో ఆ పని రెండో క్వార్టర్‌బ్యాక్‌ది. పన్నెండో నంబరు వచ్చి వానలో మోకాలు వేసి కూర్చున్నాడు.

స్టేడియం కళ్లన్నీ తన్నేవాడి మీద. మోజెల్ దుర్భిణీ మాత్రం టేట్ చేతుల మీద ఉంది. ఈసారి నడక కూడా చూసింది, వాడిదే. విసిరిన బంతి పక్కకు, కిందికి, బురదలో చబుక్కున వచ్చి పడింది. టేట్ ఒళ్లంతా సాచి, ఒక చేత్తో దాన్ని బురదలోంచి లాగి, తన్నేవాడి కాలు దిగేలోపు నేల మీద నిలబెట్టాడు. వాలకుండా. బంతి లేచి స్తంభాల మధ్య నుంచి పోయింది. జనం సోరెన్‌ను, తన్నినవాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. టేట్ బురద చేతులు చొక్కాకు తుడుచుకుంటూ పక్కకు నడిచాడు. మొదట పరిగెత్తుకొచ్చి అతన్ని వాటేసుకున్నవాడు సోరెనే.

సోమవారం నాలుగింటికి ఫోన్లన్నీ సోరెన్ గురించే. హోయ్ట్ అయితే అతణ్ణి గవర్నరు ఎన్నికల్లో నిలబెట్టాలన్నాడు. మోజెల్ వంతు వచ్చింది. ఒళ్లో చిక్కుడు గింజల గిన్నె ఉంది. రేడియో తగ్గించే ఉంది.

"మిస్ మోజెల్, మీ మిన్నెసోటా కుర్రాడు అదరగొట్టాడుగా!" అన్నాడు రాయ్స్.

"అదరగొట్టాడు. అది మీరంతా చూశారు. మీరు చూడనిది నేను చెబుతా." ఆవిడ గింజలు పక్కన పెట్టింది. బంతి ఎక్కడ పడిందీ, బురద ఎంత లోతు, చెయ్యి ఎంత దూరం సాగిందీ, ఏ వేలితో ఆపాడూ, ఒక్కొక్కటీ ఒలిచి పెట్టినట్టు చెప్పింది. చెబుతుంటే రాయ్స్ మళ్లీ ప్రకటనలు ఆపేశాడు. "ఆ చెయ్యి లేకపోతే మనం ఇవాళ ఏడుస్తూ ఉండేవాళ్లం. టేట్, నాన్నా, రేడియో పెట్టుకోకని చెప్పాను గానీ నువ్వు వింటున్నావని నాకు తెలుసు. ఈసారి చొక్కా ఎవరిదో, మనిషెవరో సరిగ్గానే చూశాను. చప్పట్లు తీసుకో. ఇది నువ్వు చేసిందే."